కరవు ఏడాదిలో నగరపు చెట్టూ చేమా: మీటరు చదవడం నుంచి డ్రిప్పు వేయడం దాకా

రిజర్వాయరులో నీటిమట్టం పడిపోయిందని తెలియగానే నగరంలో పచ్చదనం చూసుకునేవాళ్లు సాధారణంగా రెండింట్లో ఒక పని చేస్తారు. కొందరు వాల్వులన్నీ కట్టేసి మబ్బుల కోసం చూస్తారు. ఇంకొందరు రోజూ ఇచ్చే నీళ్లను సగానికి తగ్గించి, అన్నిటికీ తలా కాస్త పోస్తారు. రెండోది న్యాయంగానే అనిపిస్తుంది గానీ నష్టం అందులోనూ తక్కువేం కాదు. పైపైన తడిసిన నేల సాయంత్రానికల్లా ఆరిపోతుంది. లోతున తడి లేక వేళ్లు పైపొరలోనే ఉండిపోతాయి. ఎండ ముదిరి ఆ పొర కాలగానే గడ్డీ, మొక్కా, చెట్టూ అన్నీ కలిసి వాడతాయి. ఉన్న నీళ్లతో కొన్నిటిని పూర్తిగా బతికించుకోవచ్చు, కొన్నిటిని నిద్రపుచ్చవచ్చు, కొన్నిటిని వదులుకోక తప్పదు. ఏది ఏ వరసలోకి వస్తుందో తేల్చుకోవడంతోనే పని మొదలవుతుంది.

పార్కులు, రోడ్డు డివైడర్లు, కాలనీ తోటలు, బడి ఆవరణలు, అపార్టుమెంటు పెరళ్లు చూసుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. కింద ఉన్న తొమ్మిది అంచెల్ని వరసగానే చేయండి. చాలామంది నేరుగా ఆరో అంచెకు, అంటే డ్రిప్పు సామాను కొనడానికి దూకుతారు. లీకులున్న లైనుకు, చోటు తప్పి నాటిన మొక్కకు ఎంత మంచి డ్రిప్పు తగిలించినా వాడకం తగ్గదు.

1. ఎవరికి ముందు, ఎవరికి చివర

ఆవరణ పటం ఒక కాగితం మీద గీసుకుని, కాలినడకన తిరుగుతూ ప్రతి చెట్టునూ, ప్రతి మడినీ గుర్తు పెట్టండి. తర్వాత నాలుగు వరసలు కట్టండి.

మొదటి వరస చెట్లది. అందులోనూ నాటి మూడేళ్లు నిండని లేత చెట్లు ముందు, వాటి వెంటనే నీడనిచ్చే పెద్ద చెట్లు. గడ్డి పోతే ఒక్క వానాకాలంలో మళ్లీ వస్తుంది. నలభై ఏళ్ల చెట్టు పోతే ఇంకో నలభై ఏళ్లు పడుతుంది, ఈలోగా ఆ చోటంతా నీడ లేక ఇంకా వేడెక్కుతుంది. పైగా చెట్టు దెబ్బ వెంటనే బయటపడదు. కరవులో వేళ్లు చచ్చిన చెట్టు మరుసటి ఏడో ఆపై ఏడో కొమ్మలు ఎండబెట్టుకుంటుంది, కాండం తొలిచే పురుగుకు లొంగిపోతుంది. ఆస్ట్రేలియాలో 1997 నుంచి 2009 దాకా సాగిన కరవులో మెల్‌బోర్న్ చెట్లు ఇలాగే చితికిపోయాయి. ఆ నగర పాలక సంస్థ 2012లో చెట్ల కోసమే ఒక ప్రత్యేక వ్యూహం రాసుకోవడానికి ఆ కరవు మిగిల్చిన దెబ్బ ఒక ముఖ్య కారణం.

రెండో వరసలో పొదలు, కంచె మొక్కలు, వాలు మీద మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచే మొక్కలు. మూడో వరసలో పిల్లలు ఆడుకునే గడ్డి, జనం కూర్చునే గడ్డి. నాలుగో వరసలో ఊరికే చూడటానికి పెంచిన గడ్డి, ఒక్క కాలానికి పూసే పూలమళ్లు, ఫౌంటెన్లు. ఈ నాలుగో వరసకు కరవు ప్రకటించిన రోజే నీళ్లు ఆపేయండి, వాయిదా వేయకండి.

ఏ గడ్డి ఏ వరసలోదో తెలియకపోతే ఒకే ప్రశ్న వేసుకోండి: గడ్డి కోసే యంత్రం నడిపేవాడు తప్ప దీని మీద ఇంకెవరైనా కాలు పెడుతున్నారా? అమెరికాలోని నెవాడా రాష్ట్రం 2021లో చేసిన చట్టంలోని తర్కం దాదాపు ఇదే. లాస్ వెగాస్ ప్రాంతంలో రోడ్ల పక్కన, ఆఫీసుల ముందు అలంకారానికి పెంచిన గడ్డికి 2027 మొదలుకొని కొలరాడో నది నీళ్లు పారించకూడదని ఆ చట్టం చెప్పింది. ఆటస్థలాల గడ్డి జోలికి పోలేదు.

నిద్రపుచ్చడం అన్నాను కదా, అది గడ్డికి పనికొచ్చే మాట. గరిక జాతి గడ్డి నీళ్లు ఆపితే గోధుమరంగుకు తిరుగుతుంది గానీ దాని దుంపమొదలు బతికే ఉంటుంది. రెండు మూడు వారాలకు ఒకసారి 10 నుంచి 12 మి.మీ. తడి ఇస్తూ, మీద నడవనీయకుండా ఉంచితే వానలకు మళ్లీ చిగురిస్తుంది. నిద్రలో ఉన్న గడ్డికి ఎరువు వేయకండి. చెట్లకు కూడా కరవులో నత్రజని ఎరువు వద్దు. లేత చిగురు తోసుకొస్తే దానికీ నీళ్లు కావాలి, అవి మన దగ్గర లేవు.

2. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

ఒక సాయంత్రం అన్ని వాల్వులూ, కుళాయిలూ కట్టేసి మీటరు అంకె రాసుకోండి. రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. ముల్లు కదిలి ఉంటే భూమిలో ఎక్కడో లీకు ఉన్నట్టే. ఒక్కో సెక్షను వాల్వు తెరుస్తూ మూస్తూ పోతే ఏ లైనులో ఉందో దొరుకుతుంది. నిమిషానికి అర లీటరు కారే సన్న లీకు రోజుకు 720 లీటర్లు తాగేస్తుంది. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి కూడా ఏడాదికి దాదాపు 11,000 లీటర్లు పారబోస్తుంది. చుట్టుపక్కలంతా ఎండి, ఒక్కచోట మాత్రం గడ్డి పచ్చగా ఒత్తుగా ఉందంటే అక్కడ తవ్వి చూడండి.

లీకులు ముగిశాక డబ్బా పరీక్ష. స్ప్రింక్లరు తడిపే మేరలో ఒకే సైజువి, నిలువు గోడలున్నవి 16 డబ్బాలు సమానమైన ఎడంతో పెట్టి, 15 నిమిషాలు నీళ్లు వదిలి, ప్రతి డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు నిలిచాయో స్కేలుతో కొలవండి. 16 డబ్బాల సగటు 10 మి.మీ. వచ్చిందనుకుందాం. అంటే ఆ లైను గంటకు 40 మి.మీ. కురిపిస్తోంది. ఈ అంకె జాగ్రత్తగా దాచుకోండి, ఏడో అంచెలో కావాలి. ఇప్పుడు అన్నిటికన్నా తక్కువ నిండిన నాలుగు డబ్బాల సగటు తీయండి. అది 5 మి.మీ. ఉంటే, అయిదును పదితో భాగిస్తే సగం. ఈ సగం అన్న మాటలోనే మీ నీళ్లన్నీ పోతున్నాయి. ఎందుకంటే ఎండిన మూలకు సరిపడా నీళ్లు అందాలని మీరు సమయం రెట్టింపు చేస్తారు, మిగతా తోటంతా అవసరానికి రెట్టింపు తాగి కాలువలోకి వదిలేస్తుంది.

దీన్ని సరిచేయడానికి కొత్త సామాను అక్కర్లేకపోవచ్చు. వంగిన స్ప్రింక్లరు తలల్ని నిలబెట్టడం, మట్టిలో కూరుకుపోయినవాటిని పైకి తీయడం, నాజిల్‌కు అడ్డంగా పెరిగిన కొమ్మను కత్తిరించడం, ఒకే లైనులో రకరకాల నాజిళ్లు ఉంటే ఒకే రకం పెట్టడం చాలావరకు చాలు. ఇంకొకటి ప్రెషరు. స్ప్రింక్లరు దగ్గర నీళ్లు చినుకులుగా కాక పొగలా కనిపిస్తే ప్రెషరు ఎక్కువైనట్టు. ఆ పొగ నేలకు చేరకముందే గాలికి పోతుంది. మామూలు స్ప్రే తలకు 2 బార్ల ప్రెషరు చాలు.

3. నీటి పద్దు రాసుకోండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే ఒక లీటరు. ఈ ఒక్క సూత్రంతో లెక్కంతా నడుస్తుంది. నేల నుంచి ఆవిరయ్యేదీ, ఆకుల గుండా గాల్లోకి పోయేదీ కలిపి ఒక రోజులో ఎన్ని మిల్లీమీటర్లో వాతావరణ కేంద్రాలు లెక్కకడతాయి. ఎండ, గాలి, తేమ, వేడి నాలుగూ చూసి దీన్ని కట్టే పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో ప్రామాణికంగా ప్రచురించింది. పొడిగా, వేడిగా ఉండే చోట్ల ఇది రోజుకు 6 నుంచి 8 మి.మీ. ఉంటుంది. మీ ప్రాంతపు అంకె దొరికితే అదే వాడండి.

ఈ అంకెలో ప్రతి మొక్కా తన వంతు మాత్రమే అడుగుతుంది. గరిక జాతి గడ్డికి 0.6 వంతు, చలిదేశాల గడ్డికి 0.8, మామూలు తోటమొక్కలకు 0.4 నుంచి 0.6, కరవును ఓర్చుకునే పొదలకు 0.1 నుంచి 0.3.

వెయ్యి చదరపు మీటర్ల తోట ఒకటి తీసుకుందాం. గడ్డి 700, పూల మొక్కలు 300, రోజు అంకె 6 మి.మీ. గడ్డికి 700ను 6తో, ఆపై 0.6తో గుణిస్తే 2,520 లీటర్లు. పూల మొక్కలకు 300ను 6తో, 0.5తో గుణిస్తే 900. మొత్తం 3,420 లీటర్లు. ఇది మొక్క తాగే నీరు మాత్రమే. వదిలిన నీళ్లలో నూటికి 60 పాళ్లే వేళ్లకు చేరే స్ప్రింక్లరుతో ఇస్తే మీటరు మీద 5,700 లీటర్లు తిరుగుతుంది.

అదే తోటలో గడ్డిని పిల్లలు ఆడుకునే 150 చదరపు మీటర్లకు కుదించి, మిగతా 850లో 0.2 వంతు అడిగే పొదలు పెట్టారనుకోండి. గడ్డికి 540 లీటర్లు, పొదలకు 1,020. గడ్డికి నూటికి 75 పాళ్లు చేర్చే మంచి నాజిళ్లు, పొదలకు 85 పాళ్లు చేర్చే డ్రిప్పు పెడితే మీటరు మీద 720, 1,200 కలిపి 1,920 లీటర్లు. మూడింట ఒక వంతుకు దిగింది. డ్రిప్పు వల్ల వచ్చిన ఆదా ఇందులో ఎంతో, మొక్కలు మార్చడం వల్ల వచ్చిందెంతో విడదీసి చూడండి. పెద్ద వాటా మొక్కలదే. డ్రిప్పు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

నగరం ఇచ్చిన కోటా ఈ పద్దు కన్నా తక్కువైతే మొదటి అంచెలో కట్టిన వరసను అడుగు నుంచి కొట్టేస్తూ పైకి రండి. తాగునీటితో తోట తడపడం పూర్తిగా నిషేధించే రోజు కూడా రావచ్చు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టినప్పుడు అలాగే జరిగింది. అలాంటి రోజుకు దారి ఎనిమిదో అంచెలో ఉంది.

4. నేలను నీటి తొట్టిగా మార్చండి

గుప్పెడు తడిమట్టిని బొటనవేలితో నొక్కుతూ రిబ్బనులా సాగదీయండి. సాగకుండా రాలిపోతే ఇసుక నేల. కాస్త సాగి విరిగితే గరప నేల. పొడుగ్గా సాగితే బంకమట్టి. ఇసుక నేల గంటకు 30 మి.మీ. పైనే ఇంకించుకుంటుంది గానీ మీటరు లోతులో మొక్కకు అందే నీళ్లు 25 నుంచి 100 మి.మీ. మాత్రమే నిలుపుకుంటుంది. బంకమట్టి 175 నుంచి 250 మి.మీ. దాకా దాచుకుంటుంది, ఇంకించుకోవడం మాత్రం గంటకు 1 నుంచి 5 మి.మీ. అందుకే ఇసుకలో కొద్దికొద్దిగా తరచూ, బంకమట్టిలో నెమ్మదిగా చాలాసేపు ఇచ్చి వారాల తరబడి వదిలేయాలి.

జనం తొక్కి గట్టిపడిన నేలలో ఈ అంకెలేవీ నిలవవు. చెట్ల కింద అలాంటి నేలను పారతో తిరగేయకండి, తాగే వేళ్లు ఎక్కువగా పై అరమీటరులోనే ఉంటాయి. దానికి బదులు గునపంతోనో, నేలలో రంధ్రం తొలిచే ఆగర్‌తోనో 5 సెం.మీ. వెడల్పు, 30 నుంచి 45 సెం.మీ. లోతు రంధ్రాలు 60 సెం.మీ. ఎడంలో వేసి కంపోస్టుతో నింపండి. పెద్ద వేరు తగిలితే పక్కకు జరగండి. కొత్తగా తయారుచేసే మళ్లలోనైతే కంపోస్టును పై 15 సెం.మీ. మట్టిలో కలపండి.

ఆ తర్వాత మల్చింగ్, అంటే నేలను కప్పి ఉంచడం. ఈ మొత్తం వ్యవహారంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు. నరికిన కొమ్మల్ని ముక్కలు చేసినవి, ఎండుటాకులు, గడ్డి కోత, ఏది దొరికితే అది 7 నుంచి 10 సెం.మీ. మందాన పరవండి. ముందు నేలను బాగా తడిపి ఆపైన పరవాలి. ఎండిన నేల మీద మందంగా కప్పితే చిన్న వానను ఆ పొరే తాగేస్తుంది. మాను చుట్టూ 10 సెం.మీ. ఖాళీ వదలండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. కింద ప్లాస్టిక్ షీటు వేయడం నాకు నచ్చదు. రెండేళ్లకు దాని మీదే మట్టి పేరుకుని కలుపు మొలుస్తుంది, కింద నేల ఊపిరాడక చస్తుంది. గులకరాళ్లు కలబంద, కిత్తనార లాంటివాటికి బాగుంటాయి. చెట్ల కింద పరిస్తే పగలంతా వేడిని పట్టి రాత్రంతా వదులుతాయి.

ఎండుటాకుల్ని ఊడ్చి సంచుల్లో కట్టి బయటికి పంపే పార్కులు, అదే వారంలో ట్యాంకరు నీళ్లు తెప్పించుకుంటాయి. ఆ ఊడ్పు ఆపించడం మీ చేతిలో ఉంటే ఈ రోజే ఆపించండి.

5. తోటను మళ్లీ గీయండి

నీటి పొదుపు తోటకు ఇంగ్లిషులో వాడే జెరిస్కేప్ అన్న మాట 1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి సంస్థలో పుట్టింది. గ్రీకులో జెరోస్ అంటే పొడి. విని చాలామంది రాళ్లూ జెముళ్లూ అనుకుంటారు. నిజానికి అందులో గడ్డి కూడా ఉంటుంది, అవసరమైన చోట, అవసరమైనంత.

గడ్డి తీసే ముందు ఒక హెచ్చరిక. గడ్డి మధ్యలో ఉన్న చెట్లు ఏళ్ల తరబడి ఆ స్ప్రింక్లరు నీళ్ల మీదే బతికాయి. గడ్డికి నీళ్లు కట్టేసిన రోజు ఆ చెట్లకూ కట్టేసినట్టే. ముందు చెట్లకు విడిగా లైను వేయండి, ఆ తర్వాతే గడ్డి జోలికి వెళ్లండి. గడ్డి తీసేశాక మూడో ఏట చెట్టు చచ్చింది, కారణం తెలియదు అని వాపోయే చోట్ల నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

గడ్డిని చంపడానికి సులువైన దారి: నేలకు అంటేలా కోసి, అట్టపెట్టెల్ని విప్పి అంచులు ఒకదానిమీదొకటి వచ్చేలా రెండు పొరలు పరిచి, తడిపి, పైన 10 సెం.మీ. చెక్కపేళ్లు కప్పడం. మామూలు గడ్డి కొన్ని నెలల్లో కుళ్లి మట్టిలో కలుస్తుంది. గరిక దీనికి లొంగదు, అట్ట సందుల్లోంచి తలెత్తుతుంది. దానికి నడివేసవిలో నేలను ఒకసారి తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టితో మూసి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎండకు ఉడకనివ్వాలి. చెట్ల వేళ్లున్న చోట మాత్రం ఈ పని చేయకండి, వేళ్లూ ఉడుకుతాయి.

మొక్కల ఎంపికలో పేర్ల జాబితా కన్నా ఆకు చూడటం నేర్చుకోవడం మేలు. చిన్న ఆకులు, బూడిదరంగు ఆకులు, నూగున్న ఆకులు, మైనం పూసినట్టు మెరిసేవి, గుజ్జుతో నిండినవి, ఇవన్నీ నీటిని కాపాడుకునే ఏర్పాట్లే. కాగితపు పూలు, గన్నేరు ప్రపంచంలో ఎన్నో నగరాల డివైడర్ల మీద నిలబడ్డాయంటే అందుకే. గన్నేరు అన్ని భాగాలూ విషమే కనుక బడి ఆవరణల్లో వద్దు. మీ ప్రాంతపు అడవిలో, గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే పొదల్ని నర్సరీలో అడగండి. కరవును తట్టుకుంటుందని చెప్పి ఊరంతా పాకే కలుపు మొక్కల్ని తెచ్చుకోకండి. లాంటానా అలా తోటల్లోంచి తప్పించుకుని దేశదేశాల అడవుల్ని ఆక్రమించింది.

ఒకే దాహమున్న మొక్కల్ని ఒకే మడిలో, ఒకే వాల్వు కింద పెట్టండి. కలబంద పక్కన గులాబీ నాటితే ఎవరో ఒకరు చావాల్సిందే. ఎక్కువ నీళ్లు అడిగేవి జనం కళ్లెదుట, ద్వారం దగ్గర కొన్ని చాలు. వాలు అడుగున, వాననీరు చేరే చోట మధ్యస్థమైనవి. గట్టు మీద, గోడ ఎండ తగిలే చోట మొండివి.

ఎప్పుడు నాటాలి? కరవు నడుమ నాటకండి. మొండి మొక్క కూడా మొదటి ఏడాది మొండిది కాదు, వేరు పట్టేదాకా దానికీ తడి కావాలి. నేల, పైపులు ఇప్పుడు సిద్ధం చేసి, వానలు మొదలయ్యాక నాటండి. ఏపుగా ఎదిగిన పెద్ద మొక్క కన్నా చిన్న మొక్క త్వరగా నేలను పట్టుకుంటుంది.

ప్లాస్టిక్ గడ్డి గురించి ఒక్క మాట. ఎండలో దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది, చల్లబరచడానికి మళ్లీ నీళ్లే చల్లాలి. నేనైతే వేయను.

6. డ్రిప్పు

లైను మొదట్లో అమర్చే వరస ఇది: గేటు వాల్వు, నీళ్లు వెనక్కి పారకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ, 120 మెష్ (సన్న జల్లెడ) ఫిల్టరు, ప్రెషరు రెగ్యులేటరు, ఆపైన మెయిన్ పైపు. ఎన్‌ఆర్‌వీ లేకపోతే ఎరువు కలిపిన నీళ్లు తాగునీటి గొట్టంలోకి ఎదురు వెళ్లే ప్రమాదం ఉంది, దాన్ని మానేయకండి. డ్రిప్పుకు ఒక కిలో, అంటే దాదాపు ఒక బారు, ప్రెషరు చాలు. నగర సరఫరా ప్రెషరు నేరుగా తగిలితే జాయింట్లు ఊడిపోతాయి.

మళ్లకు డ్రిప్పర్లు లోపలే అమర్చి వచ్చే 16 మి.మీ. ఇన్‌లైన్ పైపు తీసుకోండి. ఇసుక నేలలో నీరు పక్కకు పాకదు, నిట్టనిలువునా దిగిపోతుంది. కనుక 30 సెం.మీ.కు ఒకటి చొప్పున గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు కావాలి. బంకమట్టిలో పక్కకు బాగా పాకుతుంది, 45 నుంచి 50 సెం.మీ.కు ఒకటి చొప్పున గంటకు 2 లీటర్లవి సరిపోతాయి. వాలు నేలకు, పొడుగాటి లైన్లకు ప్రెషరు మారినా ఒకే ధార ఇచ్చే రకం డ్రిప్పర్లు కొనండి. మామూలువి పెడితే పల్లంలో మొక్క మునుగుతుంది, మెరకలో మొక్క ఎండుతుంది.

చెట్టు దగ్గర అందరూ చేసే పొరపాటు, మాను మొదట్లో రెండు డ్రిప్పర్లు పెట్టి వదిలేయడం. తాగే వేళ్లు మాను దగ్గర ఉండవు, కొమ్మల అంచు కింద, దాని బయట ఉంటాయి. చెట్టుకు ఎంత ఇవ్వాలన్నదానికి తోటపనివాళ్లు విరివిగా వాడే లెక్క, మాను అడ్డుకొలత సెంటీమీటరుకు 15 లీటర్ల చొప్పున ఒక్కో తడికి. 30 సెం.మీ. మానుకు 450 లీటర్లు. మానుకు రెండు మీటర్ల పైచిలుకు దూరంలో గుండ్రంగా చుట్టిన 14 మీటర్ల పైపులో అరమీటరుకొకటి చొప్పున 28 డ్రిప్పర్లు పడతాయి. గంటకు 4 లీటర్లవైతే మొత్తం 112 లీటర్లు, అంటే నాలుగు గంటల్లో ఒక తడి పూర్తవుతుంది. చెట్టు ఎదిగేకొద్దీ చుట్టును వెడల్పు చేయడానికి ఒకటి రెండు మీటర్ల పైపు అదనంగా మడిచి ఉంచండి.

లైన్ల చివర ఎండ్ క్యాపులు (మూతలు) పెట్టే ముందు లైన్లను తెరిచి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. బిగించేటప్పుడు లోపల పడ్డ రంపపు పొట్టు, మట్టి అప్పుడే పోవాలి. పైపును మట్టిలో పూడ్చకుండా మల్చింగ్ కింద పరిచి క్లిప్పులతో గుచ్చండి, రిపేరుకు చేతికి అందుతుంది. ఫిల్టరును వారానికోసారి కడగండి, లైను చివర్లను నెలకోసారి తెరిచి వదలండి. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లకు డ్రిప్పర్ల నోళ్లు తెల్లగా కట్టుకుపోతాయి. అప్పుడు యాసిడ్ ట్రీట్‌మెంట్ తెలిసినవాళ్ల చేత చేయించండి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు, క్లోరిన్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

డ్రిప్పు వేసే స్తోమతు గానీ వ్యవధి గానీ లేకపోతే మట్టికుండలు ఉన్నాయి. గ్లేజు లేని కుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడితే గోడల గుండా నెమ్మదిగా ఊరి, నేల ఎంత పొడిగా ఉంటే అంత వదులుతుంది. చైనాలో రెండు వేల ఏళ్ల నాటికే తెలిసిన పద్ధతి ఇది. ట్యాంకరుతో పోసే చోట చెట్టు చుట్టూ గట్టు కట్టి విశాలమైన పాదు చేయండి. నీళ్లను ఒక్క ఉదుటున కుమ్మరించకుండా, చెట్టుకు సగం పోసి తర్వాతి చెట్టుకు వెళ్లి, తిరుగు దారిలో మిగతా సగం పోయమని డ్రైవరుకు చెప్పండి. ఈ ఒక్క మార్పుతో రోడ్డు మీద పారే నీళ్లు బాగా తగ్గుతాయి.

7. ఎప్పుడు, ఎంతసేపు

తెల్లవారుజామున పారించండి. గాలి ఉండదు, ఆవిరి తక్కువ, ఆకుల మీద తడి ఎండకు త్వరగా ఆరి తెగులు రాదు.

స్ప్రింక్లరు గంటకు 40 మి.మీ. కురిపిస్తుందని రెండో అంచెలో కొలిచారు. మీ నేల గంటకు 5 నుంచి 10 మి.మీ. ఇంకించుకునే రకమైతే, 12 నిమిషాలు ఏకధాటిగా వదిలిన 8 మి.మీ.లో చాలా భాగం రోడ్డెక్కుతుంది. అదే 12 నిమిషాలను నాలుగేసి నిమిషాల చొప్పున మూడు విడతలు చేసి, నడుమ గంట విరామం ఇవ్వండి. చుక్క బయటికి పోదు. టైమరులో ఒకే కార్యక్రమానికి మూడు ప్రారంభ సమయాలు పెట్టుకుంటే సరి.

తడి ఎంత లోతుకు దిగిందో మర్నాడు ఇనుప కడ్డీ గుచ్చి చూడండి. తడిమట్టిలో సులువుగా దిగుతుంది, పొడిమట్టి తగలగానే ఆగిపోతుంది. గడ్డికి 15 సెం.మీ., పొదలకు 30, చెట్లకు 30 నుంచి 45 సెం.మీ. దిగాలి. తక్కువ దిగితే సమయం పెంచండి, రోజులు పెంచకండి. మధ్యాహ్నం వాలిన ఆకులు సాయంత్రానికి లేస్తే కంగారు పడనక్కర్లేదు. తెల్లవారినా వాలి ఉన్నాయంటే ఆ రోజే తడి ఇవ్వాలి. టైమరును ఒకసారి పెట్టి ఏడాదంతా మరిచిపోయే అలవాటు మానుకోవాలి. వాన సెన్సారు తగిలిస్తే కనీసం జోరువానలో స్ప్రింక్లర్లు తిరిగే దృశ్యమైనా తప్పుతుంది.

8. కుళాయి నీళ్లు కాక ఇంకేం ఉన్నాయి

వంద చదరపు మీటర్ల కప్పు మీద 10 మి.మీ. వాన పడితే, పోయింది పోగా 850 లీటర్లు దక్కుతాయి. కరవులోనూ ఒకటి రెండు జల్లులు పడతాయి. మొదటి నీళ్లతో దుమ్మును వదిలేసి, ఆపైన తొట్టికి మళ్లించండి. తొట్టి లేకపోతే నేలే తొట్టి. మడులు బాట కన్నా ఎత్తుగా ఉంటే వాన మొత్తం కాలువ పాలవుతుంది. మడిని బాట కన్నా అరజానెడు పల్లంగా చేయండి. నగరపాలక సంస్థ అనుమతిస్తే రోడ్డు అంచురాయికి గండి పెట్టి రోడ్డు నీళ్లను చెట్ల పాదుల్లోకి మళ్లించవచ్చు. అరిజోనాలోని టూసాన్ నగరం 2008లో చేసిన నిబంధన ప్రకారం అక్కడి కొత్త వాణిజ్య భవనాలు తమ తోటల నీటిలో సగం వాననీటి నుంచే తీయాలి.

స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు చెట్లకు, పొదలకు పనికొస్తాయి. వంటింటి సింకు నీళ్లలో నూనె, మరుగుదొడ్డి నీళ్లలో రోగకారకాలు ఉంటాయి కనుక అవి ఇందులో కలవకూడదు. 24 గంటలకు మించి నిల్వ ఉంచకండి, కుళ్లు వాసన వస్తుంది. స్ప్రింక్లరుతో చిమ్మకుండా మల్చింగ్ కింద వదలండి. పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు. సోడియం, బోరాన్ ఉన్న డిటర్జెంట్లు మట్టిని పాడుచేస్తాయి, ద్రవరూపంలో వచ్చేవి సాధారణంగా నయం. ఏసీల నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. గాలిలో తేమ ఉన్న రోజుల్లో పెద్ద భవనం మీద బక్కెట్ల కొద్దీ వస్తాయి, ఒక పైపు కలిపితే చాలు.

శుద్ధి చేసిన మురుగునీరు నగరం దగ్గర ఎండాకాలంలోనూ తరగని సరుకు. పార్కులకు, డివైడర్లకు దీన్నే అడగండి. లవణాలు ఎక్కువ కనుక ఆకుల మీద పడనీయకండి, అంచులు మాడతాయి. నేల మీద తెల్లగా చవుడు పూత కనిపించిందంటే లవణం పేరుకుంటోంది. అప్పుడు మంచినీళ్లతోనో వాననీళ్లతోనో ఒక బరువైన తడి ఇచ్చి దాన్ని వేళ్ల కిందికి దించాలి. ఈ పైపుకు వేరే రంగు ఉండాలి. చాలా దేశాల్లో ఊదారంగు వాడతారు. తాగడానికి పనికిరాదని ప్రతి కుళాయి దగ్గరా బోర్డు పెట్టాలి, చదవడం రాని పిల్లలకు అర్థమయ్యే బొమ్మతో సహా.

9. జనం, నోటుపుస్తకం, మొదటి వాన

గడ్డి ఎండగానే ఫిర్యాదులు వస్తాయి. ఎండకముందే బోర్డు పెట్టండి: ఈ గడ్డి నిద్రలో ఉంది, ఈ నీళ్లు ఫలానా చెట్లకు పోతున్నాయి అని. ఆ చెట్ల కింద కూర్చునేవాళ్లే తర్వాత మీ తరఫున మాట్లాడతారు.

వారానికోసారి ఒకే రోజు, ఒకే వేళకు మీటరు అంకె రాయండి. పక్కనే కడ్డీ దిగిన లోతు, వాడిన చెట్లు, కడిగిన ఫిల్టర్లు. నాలుగు వారాలు గడిచాక మీటరు అంకె కారణం లేకుండా పెరిగితే మళ్లీ రెండో అంచెకు వెళ్లి లీకు వెతకండి.

మొదటి పెద్ద వాన పడ్డాక వాల్వులన్నీ పాత లెక్కకు తిప్పేయాలనిపిస్తుంది. ఆగండి. మర్నాడు కడ్డీ గుచ్చి చూస్తే చాలాసార్లు 10 సెం.మీ. కిందంతా ఇంకా పొడిగానే ఉంటుంది. చెట్లకు తడి కొనసాగించండి. నిద్రలో ఉన్న గడ్డిని వానకే వదిలేయండి, మూడు వారాల్లో ఎక్కడ చిగురించిందో ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది. చచ్చిన చోట మళ్లీ గడ్డి పరవకుండా పటం తీసి అయిదో అంచె దగ్గర కూర్చోండి. గుంతలు తవ్వడానికి నేల ఇప్పుడే మెత్తగా ఉంటుంది.